కింద చిక్కు, పైన కారణం



కుట్టుమిషన్ ముందు కూర్చున్న ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు తప్పని కష్టం ఇది. జాకెట్ చేతి అంచు మడిచి, గుడ్డని నొక్కిపట్టే పాదం కింద పెడతాం, నాలుగు కుట్లు పడతాయో లేదో మిషన్ బిగుసుకుపోతుంది. గుడ్డ ముందుకు రాదు, వెనక్కి పోదు. తిరగేసి చూస్తే అడుగున దారం పిచ్చుకగూడులా ఉండ కట్టి ఉంటుంది. చిక్కు కనిపించేది అడుగునే కాబట్టి చెయ్యి కూడా నేరుగా అడుగుకే పోతుంది. కిందిదారం ఉండే బాబిన్ కేస్ బయటికి లాగి, దాని పక్కనున్న చిన్న స్క్రూని స్క్రూడ్రైవర్‌తో ఓ చుట్టు అటు, ఓ చుట్టు ఇటు తిప్పేస్తాం. కుట్టు బాగుపడకపోగా, మునుపు సరిగ్గా ఉన్న బాబిన్ కూడా పాడవుతుంది.

ఆ స్క్రూ జోలికి వెళ్లకండి. అడుగున దారం ఉండలు కట్టిందంటే చాలావరకు తప్పు పైదారానిది. ఈ ఒక్క సంగతి మీచేత ఒప్పించగలిగితే ఈ ప్రసంగానికి కూర్చున్న ఫలం దక్కినట్టే.

ఇలాంటి మిషన్లు ఇంకా ఆడుతున్న ఊరు మాది, బుద్వేల్. రాజేంద్రనగర్ దాటి శంషాబాద్ వైపు వెళ్లే రైలు ఆగే చిన్న స్టేషన్ ఉన్న ఊరు. ఒక పక్క హిమాయత్ సాగర్, ఇంకో పక్క వ్యవసాయ విశ్వవిద్యాలయం పొలాలు. 2008లో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలైంది. 2024 మార్చిలో మా బుద్వేల్ దగ్గరే హైకోర్టు కొత్త భవనానికి శంకుస్థాపన జరిగింది. భూమి ధర పెరిగింది, మేడలు లేచాయి. అయినా ఈ గల్లీల్లో మధ్యాహ్నం పూట నడిస్తే ఇప్పటికీ కాలిమిషన్ చప్పుడు వినిపిస్తుంది. మెట్ల కింద, వరండా మూల, కిరాణా కొట్టు వెనక గదిలో నల్లటి ఇనప మిషన్లు పని చేస్తూనే ఉన్నాయి. అత్తగారు వాడినది కోడలికి వచ్చింది, తల్లి వాడినది బిడ్డకి వచ్చింది. బంగారు రంగు పూలు సగం చెరిగిపోయి ఉంటాయి, లోపలి ఉక్కు మాత్రం చెక్కుచెదరదు.

ఇవి అలంకారానికి పెట్టుకున్న వస్తువులు కావు, వీటి మీద ఇళ్లు నడుస్తున్నాయి. 2024లో ప్రభుత్వ బడి పిల్లల యూనిఫాంలు కుట్టే పని మహిళా సంఘాలకి అప్పగించారు. బడులు తెరిచేలోగా జతలు అప్పజెప్పాలి. అలాంటి రోజుల్లో మిషన్ ఒక పూట మొరాయించిందంటే ఆ పూట కూలి పోయినట్టే. ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబరులో మొదలైనప్పుడు అందులో చేర్చిన 18 వృత్తుల్లో దర్జీపని ఒకటి, పనిముట్ల కోసం 15 వేల రూపాయల దాకా సాయం పెట్టారు. మంచిదే. కానీ కొత్తది వచ్చినంత మాత్రాన పాతదాన్ని తుక్కు కింద అమ్మేయాల్సిన పనిలేదు. దారం చిక్కు పడుతోందన్న ఒక్క కారణంతో కిలోల లెక్కన తుక్కు బండికి ఎక్కిన మిషన్లని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాటిలో చాలావాటికి కావలసింది పావుగంట శుభ్రం, రెండు చుక్కల నూనె, దారం సరిగ్గా ఎక్కించే చెయ్యి.

అసలు కుట్టు ఎలా పడుతుందో ఒకసారి కళ్లారా చూడండి. చిక్కు విషయం అక్కడే తేలిపోతుంది. మిషన్ తలని వెనక్కి వాల్చండి, లేదా బాబిన్ దగ్గరి పలకని పక్కకి జరపండి. పైన ఎర్రదారం, బాబిన్‌లో తెల్లదారం పెట్టుకుని చక్రాన్ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. సూది ఎర్రదారాన్ని తీసుకుని గుడ్డలోంచి కిందికి దిగుతుంది. పూర్తిగా దిగి, మళ్లీ పైకి లేవడం మొదలుపెట్టగానే దాని పక్కన దారం కొంచెం ఉబ్బి చిన్న ఉచ్చులా తెరుచుకుంటుంది. సరిగ్గా ఆ క్షణానికి అడుగునున్న షటిల్ కొక్కెం వచ్చి ఆ ఉచ్చుని తగులుకుని, పెద్దది చేసి, బాబిన్ కేస్ చుట్టూ తిప్పి వదిలేస్తుంది. అంటే ప్రతి కుట్టుకీ పైదారం బాబిన్‌ని మొత్తంగా చుట్టి వస్తుంది. అలా చుట్టినప్పుడే ఎర్రదారం లోపల తెల్లదారం చిక్కి మెలిక పడుతుంది. ఆ తర్వాత మిషన్ ముఖం మీద పైకీ కిందికీ ఆడే టేకప్ లీవర్ లేచి, కిందికి దిగిన ఎర్రదారాన్నంతా పైకి లాగేస్తుంది. మెలిక గుడ్డ మందంలోకి పోయి దాక్కుంటుంది. కుట్టు పడింది.

ఇప్పుడు ఆలోచించండి. బాబిన్ చుట్టూ తిరగడానికి దిగిన ఆ దారాన్ని పైకి లాగేవాడు లేకపోతే అదంతా ఎక్కడ మిగులుతుంది? అడుగునే. రెండో కుట్టుకి ఇంకొంత దిగుతుంది, మూడో కుట్టుకి మరికొంత. నాలుగు కుట్లకే గుప్పెడు దారం షటిల్ గాడిలో చుట్టుకుని చక్రాన్ని పట్టేస్తుంది. బాబిన్ దారం ఈ మొత్తంలో చేసింది ఏమీ లేదు, ఉన్నచోట ఉంది. చిక్కులో మీకు కనిపించే రంగు ఎరుపే, అంటే పైదారమే. నా మాట మీద నమ్మకం లేకపోతే ఈ రెండు రంగుల పరీక్ష ఇంట్లోనే చేసి చూసుకోండి.

పైదారాన్ని పైకి లాగలేకపోవడానికి కారణాలు కొన్నే. మొదటిది, టేకప్ లీవర్ చిల్లులోంచి దారం జారిపోవడం. రెండోది, దారానికి బిగువునిచ్చే గుండ్రటి రెండు టెన్షన్ రేకుల మధ్య దారం కూర్చోకపోవడం. మూడోది అందరికీ జరిగేది, పాదం దించడం మరిచిపోవడం. దళసరి గుడ్డ పెట్టినప్పుడు పాదం దానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి దించామనే అనుకుంటాం. మిషన్ వెనకున్న మీట మాత్రం పైనే ఉంటుంది. చాలా మిషన్లలో ఆ మీట లేపితే టెన్షన్ రేకులు విడిపోతాయి. రేకులు విడిపోతే దారానికి పట్టు ఉండదు, పట్టు లేని దారం అడ్డూ ఆపూ లేకుండా కిందికి దిగిపోతుంది.

అందుకే దారం ఎక్కించేటప్పుడు పాదం పైకి లేపి ఉంచాలి. రేకులు తెరుచుకుని ఉంటాయి కనక దారం లోపలికి చక్కగా దిగుతుంది. టేకప్ లీవర్‌ని అన్నిటికన్నా పై స్థానానికి తెచ్చుకోవాలి. దారం రేకుల మధ్యకి పోయాక, పక్కనున్న సన్నటి తీగ స్ప్రింగుని కూడా తగులుకునేలా చూడాలి. ఆ స్ప్రింగు చిన్నదే, కానీ సూది దిగే వేళ దారం వదులై సూది కిందే పడిపోకుండా ఆపేది అదే. పాత మిషన్లలో ఒక్కోసారి అది విరిగిపోయి ఉంటుంది, ఎవరూ గమనించరు. అన్నీ అయ్యాక సూదిలో దారం దూర్చే ముందు ఒక పరీక్ష. పాదం పైకి ఉన్నప్పుడు దారం లాగితే సాఫీగా రావాలి. పాదం దించి లాగితే గట్టిగా పట్టుకోవాలి. రెండుసార్లూ ఒకేలా వచ్చిందంటే దారం రేకుల మధ్య లేదు, లేదా రేకుల మధ్య పీచు ఇరుక్కుంది. పాదం లేపి, ఓ పలుచటి గుడ్డ ముక్కని మడిచి రేకుల మధ్య అటూ ఇటూ లాగండి. ఏళ్లనాటి నూగు దానికి అంటుకుని బయటికొస్తుంది.

మిషన్ల పుట్టుపూర్వోత్తరాలు కూడా రెండు మాటల్లో చెబుతాను, ఎందుకంటే పాత మిషన్‌కి విడిభాగాలు ఇంకా ఎందుకు దొరుకుతున్నాయో అందులో ఉంది. పైదారం, కిందిదారం మెలిక పడే ఈ కుట్టు వేసే మిషన్‌కి అమెరికాలో ఎలియాస్ హౌ 1846లో పేటెంటు తీసుకున్నాడు. ఐజాక్ సింగర్ పేటెంటు 1851లోది. సింగర్ మిషన్లు సముద్రాలు దాటి మన దేశానికి వచ్చాయి. 1930లలో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వర్క్స్ మొదలైంది, తర్వాత దాన్ని లాలా శ్రీరామ్ చేపట్టారు. ఆయన కూతురి పేరే ఉషా మిషన్ పేరు. గాంధీగారికి యంత్రాల మోజు మీద ఎంత వ్యతిరేకత ఉన్నా, 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టుమిషన్‌ని మాత్రం మినహాయించారు, మనిషికి పనికొచ్చిన కొద్ది వస్తువుల్లో అదొకటన్నారు. మన తెలంగాణలో తరతరాలుగా చేతి సూదితో కుట్టిన మేర కులస్తుల చేతికి ఈ మిషన్ వచ్చాక వాళ్ల వృత్తి రూపమే మారిపోయింది. ఇళ్లలో వాడే నల్ల మిషన్లు చాలా మటుకు సింగర్ ‘క్లాస్ 15’ నమూనాలో చేసినవి. అందుకే మీ మిషన్ మీద పేరు ఏదున్నా బాబిన్, బాబిన్ కేస్, సూది ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతాయి. కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఎత్తులో వెంట్రుకవాసి తేడా ఉన్నా బాబిన్ లోపల ఆడుతుంది.

కాలిమిషన్‌కి మాత్రమే వచ్చే చిక్కు ఒకటి ఉంది. కరెంటు మిషన్ మీద నేర్చుకున్నవాళ్లు కాలిమిషన్ ఎక్కితే ముందు దీనికే దొరికిపోతారు. మన ఇళ్లలో ఉండే ఈ మిషన్లకి చక్రం పైభాగం మన వైపుకి తిరగాలి. కాలు తొక్కినప్పుడు పెడల్ ఉన్న స్థానాన్ని బట్టి చక్రం ఒక్కోసారి వెనక్కి, అంటే అవతలి వైపుకి తిరుగుతుంది. సగం చుట్టు వెనక్కి తిరిగినా చాలు, షటిల్ దారాన్ని తప్పు దారిన లాక్కుని చుట్టేసుకుంటుంది. దీనికి మందు ఒక్కటే. ముందు కుడిచేత్తో చక్రాన్ని మన వైపుకి తిప్పాలి, కాళ్లు ఆ ఊపుని అందుకోవాలి. కాళ్లతో మొదలుపెట్టకూడదు. నేర్చుకునే పిల్లలకి దారమే ఎక్కించకుండా, మిషన్ పాదం పైకెత్తి పెట్టి, ఉత్త మిషన్ తొక్కించండి. కాళ్లు రెండూ పెడల్ మీద, ఒకటి కాస్త ముందుకి, ఒకటి కాస్త వెనక్కి. ఆపమన్నప్పుడు ఆపడం, మళ్లీ మన వైపుకే మొదలుపెట్టడం వచ్చేదాకా దారం ఇవ్వొద్దు. తర్వాత దారం లేకుండానే గీతల కాగితం మీద సూది నడిపించండి. పిల్లలకి విసుగ్గానే ఉంటుంది, నిజమే. అయినా కాలికి ఆ లయ పట్టుబడితే జన్మలో వెనక్కి తొక్కరు.

కుట్టు మొదలుపెట్టే తీరులో కూడా ఒక మర్యాద ఉంది. బాబిన్ దారాన్ని పైకి తీసుకుని, రెండు దారాల కొసలూ పాదం కింద నుంచి వెనక్కి, జానెడు పొడవున వదలాలి. మొదటి రెండు మూడు కుట్లు పడేవరకు ఆ కొసల్ని ఎడమచేత్తో పట్టుకోవాలి. వదిలేస్తే మొదటి కుట్టుకే కొస లోపలికి లాక్కుపోయి ఉండ కడుతుంది. కుట్టు పూర్తయ్యాక గుడ్డ తీసే ముందు టేకప్ లీవర్ పైకి వచ్చిందో లేదో చూసుకోండి. లీవర్ మధ్యలో ఉండగా గుడ్డని లాగితే సూది వంగుతుంది, అడుగు పలక చిల్లు అంచుకి గీరుకుంటుంది. ఆ గీత మీద దారం తగులుకుని పీచులేచి తెగుతుంది. చిల్లు చుట్టూ వేలిగోటితో తడిమి చూడండి, గరుకు తగిలితే సున్నా నంబరు ఎమెరీ కాగితంతో మెల్లగా రుద్దండి.

సూది గురించి ఎంత చెప్పినా తక్కువే. దాని పైభాగానికి ఒకవైపు చదునుగా ఉంటుంది, ఎదురువైపు నిలువునా సన్నటి గాడి ఉంటుంది. గాడి ఉన్న వైపు నుంచే దారం దూర్చాలి. చదును వైపు షటిల్ కొక్కెం వచ్చే వైపుకి ఉండాలి. కుడా ఎడమా అన్నది మిషన్‌ని బట్టి మారుతుంది, గాడి, చదును మాత్రం మారవు. సూదిని పైకి తగిలేదాకా నెట్టి స్క్రూ బిగించాలి. ఒక మిల్లీమీటరు కిందికి జారినా కొక్కెం ఉచ్చుని తగులుకోలేదు. ఫ్యాక్టరీ మిషన్ల సూదులకి ఆ చదును ఉండదు, గుండ్రంగా ఉంటాయి. అదే దుకాణంలో అదే రంగు డబ్బాలో అమ్ముతారు కాబట్టి కొనేటప్పుడు చూసి తీసుకోండి. మల్లు గుడ్డకి, జార్జెట్‌కి 11వ నంబరు, మామూలు కాటన్ జాకెట్‌కి 14, యూనిఫాం డ్రిల్లుకి 16, జీన్స్‌కి 18. జరీ, మగ్గం వర్క్ ఉన్న జాకెట్లు కుట్టాక సూది మొన మొద్దుబారుతుంది. దాన్నే తర్వాత పట్టుకి వాడారంటే పోగులు లాగేస్తుంది. పట్టు మొదలుపెట్టే ముందు కొత్త సూది వేసుకోండి.

దారం కూడా చూసుకోవాలి. పైదారంలో ఏ ముక్కయినా కుట్టులో స్థిరపడే ముందు సూది కంట్లోంచి పదుల సార్లు కిందికీ పైకీ తిరుగుతుంది. ముడులు, పీచులు ఉన్న చవక దారం ఆ రాపిడికి నిలవదు. అమ్మమ్మ డబ్బాలో దొరికిన చెక్క రీలు మీది పాత నూలుదారం చూడముచ్చటగా ఉంటుంది, కానీ రెండు చేతులతో పట్టుకుని లాగితే పుటుక్కున తెగుతుంది. దాన్ని దాచుకోండి, కుట్టడానికి వాడకండి.

బాబిన్ విషయానికొస్తే, దారం సమంగా, ఒకే బిగువుతో చుట్టాలి. నిండుగా పొంగిపోయేలా చుట్టకూడదు. పాత దారం మీదే కొత్త రంగు చుట్టే అలవాటు మానేయండి. బాబిన్ కేస్‌లో పెట్టాక దారం చీలికలోంచి స్ప్రింగు కిందికి పోయేటప్పుడు వెనక్కి మలుపు తిరగాలి. అలా తిరగకపోతే బాబిన్‌ని తిరగేసి పెట్టండి. తర్వాత కేస్‌ని దారంతో వేలాడదీసి చిన్నగా ఒక్కసారి ఎగరేయండి. కాస్త జారి ఆగిపోతే బిగువు సరిగ్గా ఉన్నట్టు. జారుతూ నేలకి పోతే వదులు, కదలకపోతే బిగువు ఎక్కువ. ఈ పరీక్షలో తప్పినప్పుడు మాత్రమే ఆ చిన్న స్క్రూని ముట్టుకోవాలి, అదీ పావు చుట్టు కన్నా తక్కువ. మిషన్‌లో కేస్ పెట్టేటప్పుడు టక్కుమనే చప్పుడు వినబడాలి. వినబడకపోతే అది కూర్చోలేదు, మొదటి కుట్టుకే ఊడివచ్చి సూదిని విరిచేస్తుంది.

ఇక శుభ్రం. మా ప్రాంతంలో నాలుగు వైపులా ఇళ్ల పునాదులు తవ్వుతూనే ఉన్నారు, సిమెంటు ధూళి తలుపు సందుల్లోంచి లోపలికి వస్తుంది. అది నూనెతో, గుడ్డ నూగుతో కలిసి షటిల్ గాడిలో చేరి గట్టిపడుతుంది. గుడ్డని నెట్టే పళ్ల చుట్టూ ఉన్న పలక విప్పి కింద చూస్తే, నూగు నొక్కుకుని నొక్కుకుని అట్టలా తయారై ఉంటుంది, పిన్నుతో గీకితే పొరలుగా ఊడుతుంది. పళ్లు పూర్తిగా పైకి లేవకుండా ఆపేది అదే, గుడ్డ ముందుకి జరగక ఒకేచోట కుట్లు పడి ఉండ కట్టేదీ దానివల్లే. నెలకోసారైనా షటిల్ బయటికి తీయాలి. సూదిని పైకి తెచ్చి, బాబిన్ కేస్ తీసేసి, కంకణంలాంటి మూతని తెరవాలి. కొన్ని మిషన్లకి దానికి రెండు పక్కలా చిన్న కొక్కేలుంటాయి, కొన్నింటికి స్క్రూలుంటాయి. తీసే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసుకుంటే తిరిగి పెట్టేటప్పుడు తడబాటు ఉండదు. నెలవంకలా ఉన్న కొక్కెం చేతికి వస్తుంది. దాని మొన మీద వేలు ఆనించి చూడండి, గరుకు ఉండకూడదు. మెత్తటి గుడ్డతో గాడి తుడవండి. ఇరుక్కున్న దారపు ముక్క అరంగుళం ఉన్నా చాలు, మళ్లీ మళ్లీ చిక్కు పెట్టడానికి.

తుడిచాక గాడిలో ఒకే ఒక చుక్క మిషన్ నూనె వెయ్యండి. కొబ్బరినూనె వద్దు, వంటనూనె వద్దు, ఆముదం అసలే వద్దు. వేసిన రోజు మిషన్ మెత్తగా తిరుగుతుంది. కొన్నాళ్లకి ఆ నూనె జిగురై, గట్టిపడి, మిషన్‌ని కదలనివ్వదు. అలా బిగుసుకున్నదానికి మెకానిక్‌లు కిరోసిన్ పోసి జిగురు కరిగిస్తారు. ఇంట్లో చేస్తే పొయ్యికి, దీపానికి దూరంగా, తలుపులు తెరిచి చెయ్యండి. కిరోసిన్ కరిగించడానికే, నూనె బదులు కాదు. అది పోయాక ప్రతి చిల్లులోనూ మళ్లీ మిషన్ నూనె వేసి, పాత గుడ్డ మీద కాసేపు కుట్టాలి, లేకపోతే మొదట కుట్టే తెల్లజాకెట్‌కి మరక పడుతుంది.

ఇంత చేసినా ఎప్పుడో ఒకసారి బిగుసుకుంటుంది. అప్పుడు చక్రాన్ని బలంగా తిప్పకండి. పాదం ఎత్తండి. చక్రాన్ని చేత్తో కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి ఊపుతూ సూదిని పైకి తీసుకురండి. గుడ్డని లాగకుండా, సన్నటి కత్తెరతో అడుగున దారాల్ని కత్తిరించండి. బాబిన్ కేస్ తీసి, షటిల్ తీసి, ఇరుక్కున్న ముక్కల్ని పట్టకారుతో ఏరండి. అప్పటికీ రాకపోతే గాడిలో రెండు చుక్కల నూనె వేసి కాసేపు వదిలేసి, మళ్లీ ఊపి చూడండి. తర్వాత దారం మొత్తం తీసేసి మొదటి నుంచి ఎక్కించండి. సగం నుంచి కాదు, రీలు దగ్గర నుంచి.

అప్పటికీ కుట్లు తప్పిపోతుంటే, సూది దిగే వేళకి, కొక్కెం వచ్చే వేళకి పొత్తు కుదరడం లేదన్నమాట. అది ఇంట్లో తేలే పని కాదు, తెలిసిన మెకానిక్‌కి చూపించాలి. వెళ్లేటప్పుడు కుట్టు చెడిన గుడ్డ ముక్కని విప్పేయకండి. పైన ఒక రంగు, కింద ఒక రంగు దారంతో కుట్టి, అలాగే తీసుకెళ్లండి. మీరు కుట్టే గుడ్డ, వాడే దారం, సూది కూడా వెంట ఉంచుకోండి. మీ గుడ్డ మీద, మీ దారంతో, మీ కళ్లెదుట కుట్టి చూపించాకే మిషన్ ఇంటికి తెచ్చుకోండి.